చంకలో వాగు దాటిన రక్తం

2019 ఆగస్టులో నన్ను ఖమ్మం నుంచి భద్రాచలం బదిలీ చేశారు. పోస్టు పేరు రక్తనిధి టెక్నికల్ సూపర్‌వైజర్. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: రక్తనిధిలో అందరికన్నా పైన మెడికల్ ఆఫీసర్ ఉంటారు, ఆవిడ డాక్టరు. కింద టెక్నీషియన్లు ఉంటారు, వాళ్ళు పని చేస్తారు. నడుమ సూపర్‌వైజర్ ఉంటాడు. పైవాళ్ళ సందేహాలకూ కిందివాళ్ళ సెలవులకూ అతనిదే పూచీ. స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకునేదాకా నేను ఆ నడిమి కుర్చీలోనే కూర్చున్నాను. యాభై దాటీదాటగానే ఎందుకు మానేశావని అడిగేవాళ్ళకు ఒక్కొక్కరికి ఒక్కో కారణం చెబుతుంటాను. అన్నీ నిజాలే.

మా రక్తనిధికి మూడు గదులు. సంచులు దాచే ఫ్రిజ్ ఒక పల్లెవెలుగు బస్సంత ఉండేది, మోత మాత్రం రెండు బస్సులది. కిటికీ తెరిస్తే వచ్చే గోదావరి గాలికి ఎదురుగా కూర్చున్న మనిషి తల దువ్వుకోవడం అనే అలవాటునే మరచిపోతాడు. చుట్టూ అడవి. గూడేల నుంచి సికిల్ సెల్ పిల్లలు, పురుటికి వచ్చిన ఆడవాళ్ళు, మలేరియా ముదిరినవాళ్ళు, ఎవరికి రక్తం కావాలన్నా నమూనా మా బల్ల మీదికే రావాలి. నాకు దేన్నయినా నాలుగింతలు చేసి చెప్పే గుణం ఉందని మా ఇంట్లో అంటారు. కాబట్టి ముందే ఒక మాట. ఫ్రిజ్ గురించీ గాలి గురించీ నేను చెప్పేదాన్ని సగానికి సగం తగ్గించి చదువుకోండి. పరీక్షనాళికలో చూసినదాన్ని మాత్రం నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఉన్నదున్నట్టే రాశాను. ఇక్కడా అంతే.

ఒక మనిషి రక్తం గ్రూపు తేల్చడానికి మేం రెండు పరీక్షలు చేస్తాం. మొదటిది ముందు గ్రూపింగ్. రోగి ఎర్రకణాలు తీసుకుని, 'ఏ' గ్రూపును పట్టే సీరం ఒకదానిలోనూ, బి గ్రూపును పట్టే సీరం ఇంకోదానిలోనూ కలుపుతాం. దేంట్లో కణాలు గుంపుగా అతుక్కుంటే ఆ గ్రూపు. రెండింట్లోనూ అతుక్కుంటే ఏబీ, దేంట్లోనూ అతుక్కోకపోతే ఓ. రెండోది వెనుక గ్రూపింగ్. ఇందులో వ్యవహారం తలకిందులు. రోగి సీరం, అంటే రక్తంలో కణాలు పోగా మిగిలే పసుపు నీరు, తీసుకుని, గ్రూపు ముందే తెలిసిన కణాల మీద వేసి, అది ఎవరి మీద చెయ్యి చేసుకుంటుందో చూస్తాం.

సీరం చెయ్యి చేసుకోవడం ఏమిటంటారా? అక్కడే సహజ యాంటీబాడీల సంగతి వస్తుంది. మామూలుగా ఒంట్లో యాంటీబాడీ పుట్టాలంటే ఏదో జబ్బు తగలాలి, లేదా టీకా వేయాలి. ఈ సహజమైనవి అంతదాకా ఆగవు. ఓ గ్రూపు మనిషి జన్మలో ఇంకొకరి రక్తం చుక్క ఎరగకపోయినా, 'ఏ' కణాలనూ బి కణాలనూ పట్టుకునే యాంటీబాడీలు అతని సీరంలో ఎప్పుడో సిద్ధమై కూర్చుంటాయి. పసితనంలో పేగుల్లో చేరే సూక్ష్మజీవుల ఒంటి మీద ఎర్రకణాల మీది ఏ, బి గుర్తుల్లాంటివే ఉంటాయనీ, వాటిని చూసి శరీరం నేర్చుకుంటుందనీ చెబుతారు. అప్పుడే పుట్టిన బిడ్డకు ఇవి సొంతంగా ఉండవు. నెలలు గడిచాక వస్తాయి, వార్ధక్యంలో పలచబడతాయి. కొత్త క్రిమి లోపలికి వచ్చిన తొలి గడియల్లో, అసలు బలగం లేచి చెప్పులు తొడుక్కునేలోపు, దానికి అడ్డం పడేవి ఈ సహజ యాంటీబాడీలే. చచ్చిన కణాల చెత్త ఎత్తివేయడంలోనూ చెయ్యి వేస్తాయి. ఒక గ్రామ పంచాయతీలో మూడు శాఖలు కలిసి వాయిదా వేసే పనిని ఇవి అడక్కుండానే చేసిపెడతాయి.

తప్పు గ్రూపు రక్తం ఎక్కితే మనిషిని చూస్తుండగానే చంపేవీ ఇవే. అందువల్ల ముందు పరీక్షా వెనుక పరీక్షా ఒకే మాట చెప్పాలి. చెప్పకపోతే సంచి గది గుమ్మం దాటకూడదు. మా వృత్తిలో మిగతా నియమాలన్నీ దీని తర్వాతే.

నేను చెప్పబోయేది భద్రాచలంలో నా మూడో వానాకాలం సంగతి. అక్కడ వానాకాలంలో పాలు పోసేవాడు కూడా పాలకన్నా ముందు గోదావరి ఎన్ని అడుగులుందో పోస్తాడు. ఆ వారం నది రెండో ప్రమాద హెచ్చరిక దగ్గర నిలబడి, ఎక్కాలా దిగాలా అని ఆలోచిస్తోంది. వెనక్కి తన్నిన నీళ్ళతో అడవి వైపు వాగులన్నీ పొంగి దారులు తెగాయి. ఊళ్ళో కరెంటు పోయింది. ఆసుపత్రి జనరేటరు ఆపరేషన్ థియేటరుకూ మా ఫ్రిజ్‌కూ మాత్రమే సరిపోయేది.

ఉదయం టిఫిన్ల వేళకు, మోకాళ్ళదాకా బురదతో ఒక మనిషి నీలం పెట్టె మోసుకుంటూ వచ్చాడు. టీకాలు మోసే ఐసు పెట్టె అది. అతని పేరు కారం రాములు, కోయ రైతు, ముప్పై ఏళ్ళు ఉండవు. వాగు అవతలి ముప్పై పడకల ఆసుపత్రిలో అతని భార్య నాగమణి ఉంది. నాట్లలో మొదలైన దగ్గూ జ్వరమూ న్యుమోనియాలోకి దిగాయి. అది తగ్గుతోందనుకునే సమయానికి కళ్ళు పచ్చబడ్డాయి, మూత్రం నల్లబడింది, రక్తం మూడు గ్రాములకు పడిపోయింది. ఆరోగ్యంగా ఉన్న ఆడమనిషికి పన్నెండు ఉండాలి. ఆక్సిజన్ పెట్టారు. ఆ స్థితిలో ఆమెను వానలో చిన్న పడవ ఎక్కించే ధైర్యం అక్కడి డ్యూటీ డాక్టరుకు లేకపోయింది. అక్కడ రక్తం ఎక్కించే ఏర్పాటు ఉంది గాని, గ్రూపు తేల్చి సంచి సరిచూసి పంపాల్సింది మేమే.

పెట్టె తెరిస్తే, ఐసు ముక్కల నడుమ ఆమె రక్తపు గొట్టం పురాతన వజ్రంలా భద్రంగా ఉంది. పంపిన నర్సు శ్రద్ధకు వంక పెట్టలేం. ఆ అడవి దారుల్లో విలువైన మందేదైనా ఐసులోనే ప్రయాణం చేస్తుంది. రక్తం అన్నిటికన్నా విలువైనది కాబట్టి దానికి ఇంకో రెండు ఐసు ముక్కలు ఎక్కువే పెట్టింది.

ముందు గ్రూపింగ్ నేనే చేశాను. 'ఏ' సీరంలో అతుక్కుంది. బి సీరంలో అతుక్కుంది. అంటే ఏబీ. మా ఫ్రిజ్‌లో ఏబీ సంచి లేదు, వరదల్లో శిబిరాలు పెట్టేవాళ్ళూ లేరు. మా మెడికల్ ఆఫీసర్ డాక్టర్ శైలజ ఆ మాట వినీ వినగానే ఫోన్ అందుకున్నారు. ఊళ్ళో ఏబీ అంటే అందరికీ గుర్తొచ్చే మనిషి ఒక్కడే, ఆసుపత్రి ఎదుట టీ హోటల్ నడిపే యూసుఫ్ భాయ్.

యూసుఫ్ భాయ్ రోడ్డు దాటి రావడానికి పట్టిన సమయంలో నేను తుమ్మి ఉంటే ఆ తుమ్ము పూర్తయ్యేది కాదు. చొక్కా చెయ్యి అప్పటికే మడిచి ఉంది. మనిషి ఎత్తు మా గుమ్మమంత, గొంతు మా ఆవరణమంత.

"ఎవరికి సాబ్, మన రాజా గ్రూప్ గావాల్నంట?" అన్నాడు. మూలన బెంచీ మీద కూర్చున్న రాములును చూసి భుజం తట్టాడు. "ఫికర్ జెయ్యకు తమ్మీ. ఈ ఖూన్‌ల అల్లం, యాలక్కాయ గూడ కలిసుంటయి. మీ ఇంటామె లేసి కూసుంటది."

రాములు మొదటిసారి కాస్త నవ్వాడు. ఆ నవ్వు ఇంకా అతని ముఖం మీద ఉండగానే నేను వెనుక గ్రూపింగ్ గొట్టాలు వెలుతురులోకి ఎత్తి చూశాను.

ఏబీ మనిషి సీరంలో ఏ మీద గాని, బి మీద గాని సహజ యాంటీబాడీ ఉండకూడదు. ఉంటే సొంత కణాలనే పట్టుకునేది. నాగమణి సీరం 'ఏ' కణాలనూ బి కణాలనూ గట్టిగా పట్టేసింది. ఆ రెండు గుర్తులూ లేని ఓ గ్రూపు కణాలను కూడా వదల్లేదు. చివరి గొట్టం కంట్రోల్, అంటే ఏ సీరమూ కలపకుండా ఉత్త ఉప్పునీటిలో వేసిన ఆమె కణాలు. అందులోనూ గుంపులే. ఎవరూ పట్టుకోకపోయినా తమలో తామే అతుక్కుని ఉన్నాయి. అట్లాంటప్పుడు ముందు పరీక్షలో కనిపించిన ఏబీ అన్న మాటకు విలువ లేదు. ఆమెది ఏ గ్రూపైనా అట్లాగే కనిపించేది.

డాక్టరుగారికి చూపించాను. ఆవిడ గొట్టాన్ని వంచి చూసి, యూసుఫ్ భాయ్ చొక్కా చేతిని కిందికి దించమన్నారు.

రాములు లేచి నిలబడ్డాడు. "ఏందిసారూ, ఏమైంది? మనిషొచ్చిండు, సూదున్నది, సంచున్నది. ఇంక దేనికి ఆగుడు?"

"ఆమెది ఏబీ అవునో కాదో తేలలే, రాములూ."

"ఇందాక అదే అంటిరి గద?"

"ఒక పరీక్ష గట్ల చెప్పింది. ఇంకోటి కాదంటున్నది. కానిదాన్ని ఎక్కిస్తే ఈ పూటే మనిషి పోతది."

అతను నా ముఖం వైపు కాకుండా గొట్టం వైపు చూశాడు. "ఎక్కియ్యకుంటే?" అన్నాడు.

 అంతలో అవతలి ఆసుపత్రి సిస్టర్ ఫోన్ చేసింది. పేషంటుకు ఆయాసం పెరుగుతోందనీ, డాక్టరుగారు ఇంకెంతసేపని అడుగుతున్నారనీ చెప్పింది.

గ్రూపు తెలియనప్పుడు ఓ కణాలు ఇవ్వొచ్చు కదా అని తెలిసినవాళ్ళు అడుగుతారు. డాక్టర్ శైలజా అదే ఆలోచించారు. మా ఫ్రిజ్‌లో ఓ గ్రూపు సంచులున్నాయి. కాని ఆమె సీరంతో సరిచూస్తే వాటినీ పట్టేసింది. పైగా నాగమణికి మొదటి కాన్పులో రక్తం ఎక్కించారని రాములు చెప్పాడు. అప్పటి పరాయి కణాల మీద పుట్టిన ఇంకో యాంటీబాడీ ఏదైనా ఈ గందరగోళం వెనుక నక్కి ఉంటే, ఓ గ్రూపు సంచీ ప్రమాదమే. ఊపిరి ఆగే పరిస్థితి వస్తే తెగించి ఓ గ్రూపే ఇద్దాం, ఆలోపు దీని పేరు తేల్చండి అని ఆవిడ నాతో అన్నారు. ఆ నిర్ణయం మెడికల్ ఆఫీసర్ హోదాలో ఆవిడదే, సంతకమూ ఆవిడదే. అంత చిన్న మనిషి అంత బరువు మోస్తూ నిలబడడం నేను చూశాను. ఇందులో నేను పెంచి చెప్పిందేమీ లేదు.

న్యుమోనియా అన్న మాట దగ్గర నా బుర్ర ఆగింది. సహజ యాంటీబాడీల్లో చలిది ఒకటుంది. మీకూ నాకూ అందరికీ కొద్దిగా ఉంటుంది. పెద్దవాళ్ళ ఎర్రకణాలన్నిటి మీదా ఉండే ఒక గుర్తును అది పట్టుకోగలదు, అయితే చల్లగా ఉన్నప్పుడే. ఒంటి వేడిలో నిద్రపోతుంది. మన సీరం ఫ్రిజ్‌లో పెడితే లేస్తుంది, బయట పెడితే మళ్ళీ పడుకుంటుంది. దానివల్ల జన్మంతా మనకు నష్టం లేదు. మైకోప్లాస్మా అనే క్రిమి వల్ల వచ్చే న్యుమోనియాలో మాత్రం దాని సంఖ్య ఒక్కసారిగా పెరుగుతుంది. అప్పుడది కాస్త చల్లబడిన చేతివేళ్ళ దగ్గరే లేచి సొంత ఎర్రకణాలను పట్టుకుంటుంది, అవి పగిలిపోతాయి. కాపలాకు పెట్టుకున్నవాడే ఇంట్లో జొరబడడం అంటే ఇదే.

అనుమానం తేల్చుకునే దారి పక్క వార్డులో ఉంది. అప్పుడే పుట్టిన బిడ్డ కణాల మీద ఈ గుర్తు ఇంకా సరిగ్గా ఏర్పడదు. ప్రసూతి వార్డు నుంచి, ఆ ఉదయమే పుట్టిన ఓ గ్రూపు బిడ్డ బొడ్డుతాడు రక్తం కొద్దిగా తెప్పించాం. బిడ్డ పుట్టాక తాడుతో పాటు పారేసే రక్తమే అది. ఆ కణాల మీద నాగమణి సీరం వేశాను. పెద్దవాళ్ళ ఓ కణాలను పిడికిట పట్టేసిన ఆ సీరం, పసికణాలను ముట్టుకోకుండా వదిలేసింది. గొట్టం వంచితే అవి పలచగా, ఎర్రటి పొగలా జారిపోయాయి. 

నేరస్తుడు చలి యాంటీబాడీ అని తేలింది. ఇక ఆ అల్లరి లేకుండా అసలు గ్రూపు చూడాలి. దానికి కణాలను ముప్పై ఏడు డిగ్రీల ఉప్పునీటితో, అంటే ఒంటి వేడితో, కడగాలి. వేడినీళ్ళ తొట్టి ఉంది గాని కరెంటు లేదు.

యూసుఫ్ భాయ్ ఇంకా వెళ్ళలేదు. మడతలు పడ్డ చొక్కా చేతిని సరిచేసుకుంటూ గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నా ఖూన్ ఇగ పన్జెయ్యదా సాబ్?" అన్నాడు.

"ఇయ్యాల వద్దు భాయ్. వేడినీళ్ళు గావాలె."

"యా అల్లా! పొద్దుగాల్నుంచి రాజా అనుకుంట నిలబడితే, ఆఖరికి నీళ్ళు మోయమంటుండు సాబు," అని నవ్వి పరుగెత్తాడు. అతని హోటల్లోని ఇత్తడి బాయిలరు పరిమాణం గురించి నేను ఏమైనా చెప్పగలను, కాని ఆ రోజు అది మా ప్రయోగశాలలో భాగమైంది కాబట్టి గౌరవంగా వదిలేస్తున్నాను. థర్మామీటరు ముంచి, చన్నీళ్ళు కలుపుతూ, ముప్పై ఏడు దగ్గర నిలబెట్టే పని కూడా అతనే తీసుకున్నాడు.

కణాలను అట్లా కడిగాం. సగమే విడిపోయాయి. గంటల తరబడి ఐసులో బిగిసినవి కావడం వల్ల కంట్రోల్ గొట్టంలో గుంపులు ఇంకా మిగిలాయి. ఆ నమూనా మీద ఆధారపడి గ్రూపు రాయడం కుదరదు. కొత్త నమూనా కావాలి, అది ఆమె ఒంట్లోంచి మా బల్ల దాకా ఒక్క క్షణం కూడా చల్లబడకుండా రావాలి.

సిస్టర్‌కు ఫోన్ చేశాను. ఐసు లేకుండా పంపమంటే ఆమె నమ్మలేదు.

"ఐస్ లేకుండ బాక్స్ గుమ్మం దాటొద్దని ట్రైనింగ్‌ల చెప్పిన్రు గద సార్?"

"బాక్సే వద్దు సిస్టర్."

"మరి దేంట్ల పంపుడు?"

మా దగ్గర ఫ్లాస్కులున్నాయి. పడవలో వాటిని సరైన వేడి దగ్గర నిలబెట్టేది ఎవరు? వేడి ఎక్కువైతే కణాలు ఉడికిపోతాయి, తక్కువైతే మళ్ళీ మొదటికే వస్తాం. ఎన్ని గంటలైనా ముప్పై ఏడు దగ్గర కదలకుండా నిలిచే యంత్రం ఆ చుట్టుపక్కల ఒక్కటే ఉంది. అది నా ఎదురుగా బురదకాళ్ళతో నిలబడింది.

"రాములు చంకల పంపున్రి," అన్నాను.

రాములుకు చెప్పాను. గొట్టాన్ని గుడ్డలో చుట్టి చంకలో పెట్టుకోవాలి, చెయ్యి ఒంటికి ఆనించాలి, నేను చెప్పేదాకా తియ్యకూడదు. అతను ఎందుకని అడగలేదు. ఏ చంక అని మాత్రం అడిగాడు. ఎడమ అన్నాను. ఆసుపత్రి జీపు అతన్ని వాగు ఒడ్డుదాకా దింపింది, అక్కడి నుంచి సహాయక పడవ.

అతను తిరిగి వచ్చేదాకా మేం చేయగలిగింది పెద్దగా ఏమీ లేదు. డాక్టర్ శైలజ ఓ గ్రూపు సంచి ఒకటి విడిగా తీసి పెట్టి, ఫోన్ పక్కనే కూర్చున్నారు. అవతల ఊపిరి ఆగేలా ఉంటే అది వెంటనే వెళ్తుంది. యూసుఫ్ భాయ్ నీళ్ళు మారుస్తూ, థర్మామీటరు మీంచి కన్ను తీయకుండా నన్ను ఒక ప్రశ్న అడిగాడు. ఏబీ వాళ్ళకు ఏ మీదా బి మీదా కాపలా లేనట్టేనా, అంటే తన ఒంటికి దర్వాజా లేదా, అని. ఆ ఇద్దరు కాపలావాళ్ళు లేరు గాని, వేరే డ్యూటీల మీద ఇంకా చాలామంది ఉన్నారని చెప్పాను. "పర్లేదు, తాళం ఉన్నదన్నమాట," అని ఊపిరి పీల్చుకున్నాడు. అంతలో ఫోన్ మోగితే ముగ్గురం ఒకేసారి లేచాం. ఎవరో నది మట్టం అడగడానికి చేశారు.

మధ్యాహ్నం దాటాక రాములు వచ్చాడు. తల నుంచి పాదం దాకా తడిసి ఉన్నాడు. ఎడమ చెయ్యి ఒంటికి కుట్టేసినట్టుంది. లైఫ్ జాకెట్‌లో కుడి చెయ్యి ఒక్కటే దూర్చాడు, మిగతా సగం వీపు మీద వేలాడుతోంది. వెంట వచ్చిన జీపు డ్రైవరు చెప్పాడు, ఒడ్డు మీద పెద్ద గలాటా జరిగిందని. జాకెట్ రెండు చేతులకూ తొడిగితేగాని పడవ కదలదని సహాయక దళంవాళ్ళు, చెయ్యి ఎత్తేది లేదని రాములు. మునిగిపోతే ఎవరిది పూచీ అని వాళ్ళడిగితే, "మునిగితె నేను మునుగుత, ఇది మునగొద్దు," అన్నాడట. చివరికి ఒకడు అతని నడుముకు తాడు కట్టి, ఆ తాడు కొసను పడవ దాటేదాకా పట్టుకుని కూర్చున్నాడు.

మా గుమ్మంలో నిలబడి రాములు నన్ను వెతికాడు. "సారూ, ఇగ తియ్యనా?"

"తియ్యి."

చెయ్యి వెంటనే రాలేదు. బిగదీసుకుపోయింది. యూసుఫ్ భాయ్ మోచేయి పట్టి మెల్లగా లేపాడు. ఒళ్ళంతా నీళ్ళు కారుతున్న మనిషిలో ఆ గుడ్డ ఒక్కటే పొడిగా ఉంది. గొట్టం నా వేళ్ళకు వెచ్చగా తగిలింది. నేరుగా యూసుఫ్ భాయ్ వెచ్చని నీళ్ళలో నిలబెట్టాం.

కణాలను వెచ్చని ఉప్పునీటితో కడిగి, అన్నీ వేడిలోనే పరీక్షించాను. 'ఏ' సీరంలో అతుక్కోలేదు. బి సీరంలో అతుక్కోలేదు. కంట్రోల్ శుభ్రంగా ఉంది. పాజిటివా నెగటివా తేల్చే సీరంలో మాత్రం అతుక్కుంది, అంటే పాజిటివ్. వెనుక గ్రూపింగ్‌లో ఆమె సీరం 'ఏ' కణాలను పట్టింది, బి కణాలను పట్టింది, ఓ కణాలను వదిలేసింది. రెండు పరీక్షలూ ఒకే మాట చెప్పాయి. నాగమణి గ్రూపు ఓ పాజిటివ్.

యూసుఫ్ భాయ్ రాజా రక్తం ఎక్కించి ఉంటే, ఆమె ఒళ్ళు పసితనంలోనే నేర్చిన ఏ, బి యాంటీబాడీలు రెండూ ఆ కణాల మీద విరుచుకుపడేవి. ఆమెకు సరిపోయే రక్తం ఉదయం నుంచీ మా ఫ్రిజ్ మోతలోనే పడి ఉంది. వేడిలో సరిచూస్తే రెండు సంచులు పొసగాయి, వెనుక నక్కిన వేరే యాంటీబాడీ ఏదీ కనిపించలేదు. డాక్టర్ శైలజ సంతకం చేశారు.

సంచులను పెట్టెలో పెడుతుంటే రాములు నా చెయ్యి పట్టుకున్నాడు. "ఇదేందిసారూ? ఇందాకదాంక ఐసొద్దంటిరి, గిప్పుడు మీరే ఐసు పెడుతున్రు?"

అడగాల్సిన ప్రశ్నే. పరీక్షకు వచ్చే ఆమె రక్తం వెచ్చగా ఉండాలి. దాచిన రక్తం మాత్రం దారిలో చల్లగానే ఉండాలి, లేకపోతే అందులో క్రిములు పెరుగుతాయి. చల్లదనం వదలాల్సింది ఆమె మంచం పక్కన. అది రాములుకు అర్థమయ్యేలా చెప్పి, సిస్టర్‌కు ఫోన్లో మళ్ళీ చెప్పాను. సంచిని వేడినీళ్ళలో ముంచొద్దు, ముంచితే కణాలు పగులుతాయి. ఫ్యాను ఆపాలి. దుప్పట్లు కప్పాలి. సూది ఉన్న చేతిని వెచ్చని గుడ్డలతో చుట్టాలి. చుక్కలు చాలా మెల్లగా పడాలి, మొదటి కాసేపు పక్కనుంచి ఎవరూ కదలకూడదు. "అవ్ సార్, ఈసారి బాక్స్‌ల వస్తున్నది గద?" అని ఆమె ఒకటికి రెండుసార్లు అడిగి ఖాయం చేసుకుంది.

ఆ రాత్రి ఏం జరిగిందో నాకు ఫోన్లో తెలిసినంతే. మొదటి సంచి ప్రమాదం లేకుండా ఎక్కింది. మర్నాడు రెండోదీ ఎక్కింది, ఆయాసం తగ్గింది. చలి యాంటీబాడీ వెంటనే పోలేదు. న్యుమోనియాకు మందు పడి, ఆమెను వెచ్చగా ఉంచితే, క్రమంగా అదే తగ్గింది.

దారులు తెరుచుకుని, నీళ్ళు తగ్గాక ఒక రోజు నాగమణి రాములుతో పాటు మా గదికి వచ్చింది. పలచటి మనిషి, మాట తక్కువ. మళ్ళీ నమూనా తీశాను. ఈసారి ఐసూ లేదు, చంకా లేదు, మామూలు గది వేడిలోనే చేశాను. రెండు పరీక్షలూ ఓ అన్నాయి. చలి యాంటీబాడీ మనందరిలో ఉన్నంత కొద్దిగా మిగిలి, తన పనిలో తానుంది. రాములు గొట్టాన్ని చూసి, "ఇంతకాడికి నన్ను గంతగనం తిప్పిన్రా సారూ," అన్నాడు. నాగమణి అతని ఎడమ చెయ్యి చూపించి, "ఇప్పటికీ నిద్రల గట్లనే ఒత్తుకొని పంటడు," అంది. యూసుఫ్ భాయ్ ఇద్దరికీ టీ పంపాడు, అల్లం, యాలక్కాయతో.

ఆ ఉదంతం నాకు నేర్పింది రెండు సంగతులు, రెండూ పని తీరుకు సంబంధించినవే. సహజ యాంటీబాడీలు ఏది మనది, ఏది పరాయిది అన్న తీర్పును మనం అడగకముందే ఇచ్చేసి ఉంటాయి. ఆరోగ్యంలో ఆ తీర్పు మనల్ని కాస్తుంది, జబ్బులో అదే తీర్పు దారి తప్పుతుంది. దాన్ని చదివేవాడు తొందరపడితే, యాంటీబాడీ చేయని హత్య తాను చేస్తాడు. రెండోది, రక్తం ఏ వేడిలో బతికిందో ఆ వేడిలోనే దాన్ని ప్రశ్నించాలి.

తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ, రెండు పరీక్షలు పొసగనప్పుడు నేను మూడో పరీక్ష పెట్టకముందు ఒక ప్రశ్న అడిగేవాణ్ణి. గ్రూపు ఏది అని కాదు. ఈ గొట్టం ఇక్కడికి ఎట్లా వచ్చింది అని.